మా అత్తగారు అటు తిరిగే వేళ

ఇంటికి కెమెరా కొనాలని ఎవరు సలహా అడిగినా నాకు ముందు మా అత్తగారి వీపు గుర్తొస్తుంది. నవ్వుకోండి, ఫరవాలేదు. మొన్న ఆదివారం మా వెనక వీధిలో కొత్తగా ఇల్లు కట్టుకున్న టీచరమ్మ వచ్చింది. "అక్కా, వైర్లు లేని కెమెరా ఒకటి పెట్టిద్దామనుకుంటున్నాం. మీ కల్లంలో ఉందిగా, ఏది బాగుంటదో చెప్పు" అని కూర్చుంది. ఫోన్లో రకరకాల బొమ్మలు చూపించింది. ఒకటి గుండ్రంగా ఉంది, ఒకటి పొడుగ్గా గొట్టంలా ఉంది, ఇంకోదానికి నెత్తిన సోలార్ పలక ఉంది. వైఫై ఎంత దూరం అందుతుంది, కరెంటు పోతే పనిచేస్తుందా, వానకు తడిస్తే ఏమవుతుంది, అన్నీ అడిగింది. నాకు తెలిసినంత చెప్పి, చివర్న, "ఏది కొన్నా సరే, మెడ తిరిగేదే కొనుక్కో" అన్నాను. నాలుగు మూలలూ కనపడతాయనే కాబోలు అనుకుని ఆమె తలూపింది. కాఫీ తాగి వెళ్ళిపోయింది. అసలు సంగతి ఆమెకు చెప్పలేదు.

మా అత్తగారి కన్నంటే ఊళ్ళో అందరికీ హడలు. వినుకొండ రోడ్డు మీద మా ఊరు, ఊరి చివర మా ఇల్లు, ఇంటి వెనకే కల్లం. చేలో కోసిన మిరపకాయలు తెచ్చి ఆ కల్లంలోనే ఆరబోస్తాం. కాయల కాలం వచ్చిందంటే ఆవిడ నెత్తికి తువ్వాలు చుట్టుకుని, ఒక చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ కల్లం మధ్యలో వేయించుకుని కూర్చునేది. ఇక అక్కడి నుంచి ఆవిడకు కనపడనిది లేదు. కూలీ ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఎర్రకాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరుతుంటారు. ఎవరి చేతి కింద ఏ తాలుకాయ తప్పించుకుందో ఆవిడ ఇట్టే పట్టేసేది. "ఒసే, ఎర్రకాయల్లోకి తాలుకాయ ఇసిరావు. కళ్ళు కాకెత్తుకుపోయిందా?" అని కూర్చున్న చోటు నుంచే కేక వేసేది. నేను వంటింట్లో తాలింపు వేస్తుంటే ఆ చప్పుడు వినే, "అమ్మాయ్, నూనె బావిలో నీళ్ళు కాదే" అనేది. పాలల్లో నీళ్ళు కలుపుకోవాలంటే పాలవాడు మా ఇల్లు దాటాక కలుపుకునేవాడు. కొత్తిమీర కట్ట దగ్గర కూరల బండివాడితో వీధంతా వినపడేలా తగువుపడేది. చనిపోయింది కదా అని లేని మంచి అంటగట్టను. పిసినారి. నోరు మహా చెడ్డది. ఆవిడతో నేను పడిన పేచీలు రాయాలంటే ఈ కాగితాలు చాలవు.

ఇంకో విచిత్రం, ఆవిడకు మిరప ఘాటు సోకేది కాదు. నాది సింగరాయకొండ. సముద్రపు గాలికి పెరిగినదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో కల్లంలో అడుగుపెడితే చాలు, తుమ్ములు, దగ్గులు, కళ్ళ వెంట ధారలు. ఇన్నేళ్ళయినా అంతే అనుకోండి. కూలీలు కూడా కొంగు ముక్కుకు కట్టుకునే పనిచేస్తారు. ఆవిడ మాత్రం ఆ ఎర్రటి దుమ్ములో తాంబూలం నములుతూ దర్జాగా కూర్చునేది. ఒక్క దగ్గు దగ్గితే ఒట్టు. రోజు మొత్తం మీద ఆవిడ దగ్గేది ఒకే ఒక్కసారి, అదీ పొద్దు వాలాక. ఆ దగ్గు ఘాటుకు వచ్చింది కాదు.

అదేమిటో చెబుతాను. సాయంత్రం కాయలు కుప్పకు తోసి, మంచుకు తడవకుండా పట్టాలు కప్పాలి. కప్పబోయే ముందు మా అత్తగారు కుర్చీలోంచి లేచి, కల్లం మూలనున్న నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి, గోడవైపు తిరిగి కాళ్ళు కడుక్కునేది. ఆ కడుక్కోవడం చూడాలి మీరు. మడమలు తోమేది. వేళ్ళ సందులు తోమేది. కడిగిన కాలే మళ్ళీ కడిగేది. పెళ్ళికూతురు కూడా అంత శ్రద్ధగా కడుక్కోదు. ఆలోపు వెనక కూలీ ఆడవాళ్ళు ఒక్కొక్కరూ కుప్పలోంచి ఇన్ని కాయలు తీసి కొంగున ముడేసుకుని, ఆ ముడి బొడ్లో దోపుకునేవాళ్ళు. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఎవరూ పిడికెడుకు మించి తీసేవాళ్ళూ కాదు. అప్పుడు తొట్టి దగ్గర నుంచి ఖళ్ళున ఒక దగ్గు. దగ్గి, కాసేపు ఆగి, ఆవిడ ఇటు తిరిగేది. తిరిగేసరికి అందరూ పట్టాలు లాగుతూ ఉండేవాళ్ళు. రోజంతా అందర్నీ గుచ్చి గుచ్చి చూసిన ఆ కళ్ళు అప్పుడు ఒక్కరి నడుము మీద కూడా వాలేవి కావు.

కొత్త కోడలిగా మొదటిసారి అది చూసి నేను తొట్టి దగ్గరికి పరిగెత్తాను. "అత్తయ్యా, వెనక వాళ్ళు కాయలు..." అనబోయాను. ఆవిడ తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. "నీకు కళ్ళెక్కువయ్యాయే. పోయి ఉల్లిపాయలు తరుగు" అంది. తరువాత ఎప్పుడో చింతపండు గింజ తీస్తూ, నా మొహం చూడకుండా, "చూసిందల్లా చెప్పేది ఇల్లు నిలబెట్టదమ్మాయ్" అంది. అంతకు మించి ఆ విషయం మా ఇద్దరి మధ్య రాలేదు. ఆ పనికి పేరు కూడా లేదు.

ఆ ఆడవాళ్ళ ముఠాకు పెద్ద దీవెన అనే ఆమె. పొడుగ్గా, ఎముకల మనిషి. చర్చి పక్క వీధిలో ఇల్లు. ఎక్కడ కోతలున్నా, ఏరుడు ఉన్నా రైతులు దీవెనకే కబురు పెడతారు. ఆమె ఎంతమంది కావాలంటే అంతమందిని వెంటేసుకొస్తుంది. మా చుట్టుపక్కల 'దీవెన ముఠా' అంటే ఒక నమ్మకం. కల్లం తాళం ఆమె చేతికిచ్చి వినుకొండ వెళ్ళొచ్చిన రోజులున్నాయి. ఆమెకు పొలమూ పుట్రా లేదు. ఉన్నదల్లా ఆ పేరే.

మూడు నాలుగేళ్ళ కిందట కాయకు మంచి ధర వచ్చింది. ధరతోపాటే దొంగలూ వచ్చారు. ఇవాళ ఆ కల్లంలో పోయాయి, నిన్న ఈ కల్లంలో పోయాయి అని రోజూ ఒక కబురు. మేమంతా గుంటూరులో పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి, పట్టపగలే, కల్లం వసారాలో కుట్టి పెట్టిన టిక్కీలు కొన్ని మాయమయ్యాయి. మిరప బస్తాని టిక్కీ అంటాం. మా ఆయన ఆ ఖాళీ జాగా ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. ఆ రోజు అన్నం తినలేదు. ఆయన్ని ఊరికే తిట్టకండి. ఏడాదంతా పురుగుతో, తెగులుతో కుస్తీ పట్టి ఇంటికి తెచ్చుకున్న పంట అది. కానీ ఆ రోజు నుంచీ ఆయనకు ప్రతి మనిషీ దొంగలా కనపడటం మొదలైంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! చివరికి ఓ పొద్దున, "కెమెరా పెట్టిస్తా" అన్నాడు.

వినుకొండలో కెమెరాల కొట్టుకు బయలుదేరితే మా అత్తగారు కూడా కారెక్కి కూర్చుంది. "నువ్వెందుకమ్మా ఎండలో?" అన్నాడాయన. "నా కల్లానికి ఇంకో కాపలా పెడుతున్నావుగా. దాని మొహం నేను చూడొద్దా?" అంది ఆవిడ. కొట్టతను మంచి మాటకారి. ఇంటి నుంచి కల్లానికి వైరు లాగడం కష్టం, వైఫై వంటింటి గోడ దాటదు కాబట్టి సిమ్ కార్డు వేసేది తీసుకోమన్నాడు. కరెంటుతో పన్లేకుండా సోలార్ పలక ఉన్నది చూపించాడు. ఫోన్లో నుంచి మనం మాట్లాడితే అక్కడ వినపడుతుందని తన ఫోన్లోంచి, "నమస్తే అమ్మగారూ" అన్నాడు. బల్ల మీది కెమెరా కూడా నమస్తే అంది. మా అత్తగారు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదండీ. ఇది పట్టేస్తుంది" అన్నాడతను.

"ఇది కన్ను మూస్తుందా బాబూ?" అని అడిగింది మా అత్తగారు.

"రెప్పే వెయ్యదమ్మా."

"రెప్పెయ్యకుండా దేవుళ్ళూ చేపలే ఉంటారు. మనుషుల మధ్య పెట్టేదానికి అది మంచి లక్షణం కాదు" అంది. అతను నవ్వి ఇంకోటి తీశాడు. అది గుండ్రటిది, ఫోన్లో వేలు పెట్టి జరిపితే మెడ తిప్పుతుంది. ఆవిడ కళ్ళు దాని మీదే ఆగాయి. ఇటు తిప్పించింది, అటు తిప్పించింది. "గోడవైపు తిరుగుద్దా?" అని అడిగింది. తిరిగింది. "ఒరే అబ్బాయ్, ఇది తీసుకో" అంది.

"దాంట్లో మోటారుంటదమ్మా. మన కల్లం దుమ్ముకి పట్టేసుద్ది. ఇది కదలదు గానీ కల్లం మొత్తం ఒక్కచోట నుంచే కనపడుద్ది" అన్నాడు మా ఆయన.

"మెడ తిరగందాన్ని ఇంట్లో పెట్టుకోకురా."

"ఎందుకు?"

ఆవిడ నోరు తెరిచింది. నా వైపు ఒకసారి చూసింది. మళ్ళీ నోరు మూసుకుంది. కొత్తిమీర కట్ట కోసం ఊరు ఏకం చేసే మనిషి అక్కడ మాట రాక నిలబడింది. చెబితే ఏమని చెబుతుంది? మా ఆయన చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో పెరిగినవాడు. మామగారు పోయాకే వ్యవసాయంలోకి వచ్చాడు. సాయంత్రాలు చేలోనో, గుంటూరు మిర్చి యార్డులోనో ఉంటాడు. ఆయన కల్లంలో ఆ వేళప్పుడు నిలబడింది లేదు. కదలని కెమెరాయే కొన్నాం.

వసారా గోడకు ఎత్తుగా బిగించారు. కొత్త వస్తువు కదా అని మా అత్తగారు స్టూలెక్కి దానికి పసుపు రాసి, సరిగ్గా అద్దం మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. మా ఆయన ఫోన్లో కల్లమంతా ఎర్రగా మసకబారింది. "అమ్మా! కంట్లో పెట్టావు బొట్టు!" అని ఆయన గోల. నేను పడీ పడీ నవ్వాను. ఆయనే గుడ్డతో తుడిచాడు. పొరపాటున పెట్టిందా, కావాలనే పెట్టిందా అని ఇప్పటికీ నాకు సందేహమే.

మొదట్లో ఏమీ జరగలేదు. మా ఆయన సాయంత్రాలు చేలో పనిలో పడి ఫోను చూడలేదు. కూలీ ఆడవాళ్ళు గోడ మీద దాన్ని చూసి, "ఏందమ్మా అది?" అన్నారు. "దొంగల కోసం" అన్నాను. "మంచిపని చేశారండీ" అంది దీవెన. దొంగల కోసం పెట్టింది తమ కోసం కూడా అవుతుందని ఆమెకు ఎందుకు తోస్తుంది? సాయంత్రమైంది, మా అత్తగారు తొట్టి దగ్గరికి వెళ్ళింది, కాళ్ళు కడిగింది, దగ్గింది. నేను మాత్రం గోడ మీది కెమెరా వైపే చూస్తూ నిలబడ్డాను.

కాయలు అమ్మడానికి మా ఆయన గుంటూరు యార్డుకు వెళ్ళిన రోజది. పొద్దు వాలింది. నేను వంటింటి గుమ్మంలో చేటలో బియ్యం పెట్టుకుని నిలబడి ఉన్నాను. మా అత్తగారు గోడవైపు తిరిగి కాలి మీద చెంబుతో నీళ్ళు పోసుకుంటోంది. దీవెన కుప్ప మీదికి వంగి, కాయలు తీసి, కొంగులో వేసుకుని ముడి బిగిస్తోంది.

"ఏయ్! దీవెనా! కొంగులో ఏందది?"

గోడ అరిచింది. మా ఆయన గొంతే, కానీ రేకు డబ్బాలోంచి వచ్చినట్టు కీచుగా ఉంది. ఆడవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. ఒకామె చేతిలో పట్టా జారిపోయింది. దీవెన మొహం పైకెత్తి కెమెరా వైపు చూసింది. ముడి విప్పేసింది. కాయలు గలగలమని ఆమె కాళ్ళ మీద పడ్డాయి.

"ఇన్నాళ్ళూ ఇదా మీరు చేస్తంది? టిక్కీలు కూడా ఇట్టాగే పోయినయ్యా? అమ్మా! వెనక్కి తిరుగు! నీ వెనకే చూడు!" అని గోడ అరుస్తూనే ఉంది.

మా అత్తగారు తిరగలేదు. చెంబు చేతిలోనే ఉంది. నీళ్ళు అయిపోయాయి, అయినా ఖాళీ చెంబు కాలి మీద వంచుతోంది.

"అమ్మా, వినపడతందా? తిరుగు!"

"నేను కాళ్ళు కడుక్కుంటున్నానురా" అంది ఆవిడ గోడతో.

"వీడియో నా దగ్గరుంది. పొద్దున్నే వస్తా. వచ్చి రైతుల గ్రూపులో పెడతా. ఇక ఈ ముఠాని ఎవడు కల్లంలోకి రానిస్తాడో చూస్తా."

అంతే, గోడ మూగబోయింది. ఆ గ్రూపులో చుట్టుపక్కల రైతులంతా ఉన్నారు. అందులో ఒకసారి దొంగ అని పడిందంటే ఇక దీవెనను ఎవరూ పిలవరు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. మా అత్తగారు దగ్గింది. ఆ దగ్గు గొంతులోనే ఆగిపోయింది. ఇటు తిరిగి, ఎవరి మొహమూ చూడకుండా, "పట్టాలు కప్పండే. పొద్దున రండి" అంది. పట్టాలు కప్పి, వరసగా గేటు దాటి వెళ్ళిపోయారు. దీవెన కాళ్ళ దగ్గర పడిన కాయలు అక్కడే ఉన్నాయి.

ఆ పూట మా అత్తగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా అనలేదు. నాకు అదే భయమేసింది.

తెల్లారేసరికి మబ్బు పట్టింది. మా ఆయన కళ్ళెర్రజేసుకుని వచ్చాడు. రావడంతోనే కల్లంలోకి వెళ్ళి నిలబడ్డాడు. "రారు. తప్పు చేసినోళ్ళు ఎట్టా వస్తారు?" అన్నాడు. నాకూ రారేమో అనిపించింది. వస్తే అందరి ముందూ తలవంపులు, రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టు. నేను వాకిట్లోకీ కల్లంలోకీ తిరుగుతూనే ఉన్నాను. మా అత్తగారు మాత్రం విరిగిన కుర్చీలో కూర్చుని తాంబూలం కూడా వేసుకోకుండా గేటు వైపు చూస్తోంది.

వచ్చారు. ముందు దీవెన, వెనక మిగతావాళ్ళు. గేటు బయటే ఆగిపోయారు.

మా ఆయన ఫోను తీశాడు. "ఇంకా పంపలేదు. మా అమ్మకు చూపించి పంపుతా" అని ఆవిడ మొహం ముందు పెట్టాడు. ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. దీవెన వంగడం, ముడెయ్యడం, పక్కనే తన వీపు.

"ఇది నేనేనా?"

"నువ్వే. నీ వెనకాల ఇంత జరుగుతుంటే తెలియకుండా కాళ్ళు కడుక్కుంటున్నావు."

"తెలియకుండానా?" అంది ఆవిడ. ఆ మాట మెల్లగానే అంది గానీ మా ఆయన ఫోను కిందికి దించాడు. "ఈ కల్లంలో ఏ తాలుకాయ ఎక్కడుందో తెలిసినదాన్ని, నా వీపు వెనక ఏం జరుగుతుందో నాకు తెలియదురా? మీ నాన్నా ఇట్టాగే అటు తిరిగేవాడు. అంతకు ముందు మీ తాత. నేను కాపురానికొచ్చిన రోజు నుంచీ చూస్తున్నా. మనం అటు తిరిగితేనే ఆ పూట పని అయిపోయినట్టు. దొంగతనం అట్టా ఉండదు. మన టిక్కీలు ఎత్తుకుపోయినోడు నేను దగ్గేదాకా ఆగి పట్టా కప్పి పోలేదు."

"అట్టాంటప్పుడు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేదా అది? నీకు అన్నం నమలడం చెప్పానా?"

"పిడికెడు పిడికెడు అంటే కాలమంతా కలిపితే ఎంతవుద్దో తెలుసా అమ్మా?" అన్నాడాయన. కానీ ఆ గొంతులో నిన్నటి ఊపు లేదు.

ఆవిడ లేచి, పట్టా తొలగించి, రెండు చేతులా కాయలు తీసి తన కొంగులో పోసుకుంది. కెమెరా వైపు మొహం ఎత్తి, అందరికీ కనపడేలా ముడేసింది. "ఇప్పుడు నన్నూ పెట్టు గ్రూపులో" అంది. అట్లాగే గేటు దాకా నడిచి దీవెన ముందు నిలబడి కొంగు విప్పింది. "పట్టవే ఒడి. నిన్నటివి ఇవి" అంది.

దీవెన ఒడి పట్టలేదు. ఒకడుగు వెనక్కి వేసింది.

"వద్దు పెద్దమ్మగారూ."

"నేనిస్తున్నానే!"

"అందుకే వద్దండి." దీవెన కళ్ళల్లో నీళ్ళు నిండాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. "మీరు చేత్తో ఇస్తే అది బిచ్చమవుద్ది. మేమెప్పుడన్నా మిమ్మల్ని కాయలడిగామా? మా పని మేము చేసుకుని, మా కూరలోకి మేము తీసుకుని పోయేవోళ్ళం. నిన్న దొంగనన్నారు. ఇయ్యాళ ఇది పట్టుకుంటే బిచ్చగత్తెనవుతా. రెండూ నాకొద్దండి."

మా అత్తగారిని అంతమంది ముందు కాదన్నవాళ్ళు లేరు. ఇప్పుడు నోరు తెరుస్తుంది, బూతులు అందుకుంటుంది, అంతా అయిపోతుంది అనుకున్నాను. ఆవిడ కొంగు అలాగే పట్టుకుని నిలబడి, దీవెన మొహంలోకి చూసింది.

"అవునే. నేనే తప్పు చేశా" అంది.

నేను కోడలిగా ఉన్నన్నాళ్ళలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు, అదే ఆఖరు. వెనక్కి నడిచి వచ్చింది. కొంగులో కాయలు తిరిగి కుప్పలో పోసింది. తొట్టి దగ్గరికి వెళ్ళి గోడవైపు తిరిగింది. తిరిగి, వీపు మా వైపు పెట్టే, "ఒరే అబ్బాయ్. నువ్వు కూడా తిరుగు" అంది.

మా ఆయన కదలలేదు.

"ముందు దాన్ని తిప్పు. మెడ లేనిదాన్ని కొనద్దన్నానా?"

ఆయన ఫోను వంక చూశాడు. గేటు దగ్గర దీవెన వంక చూశాడు. తల్లి వీపు వంక చూశాడు. మబ్బులో ఎక్కడో ఉరుము ఉరిమింది. ఆయన ఫోను జేబులో పడేసి, స్టూలు లాక్కుని ఎక్కి కెమెరాను పట్టి తిప్పబోయాడు. మర గట్టిగా బిగిసింది, తిరగలేదు. లాగాడు, తిట్టాడు, మళ్ళీ లాగాడు. చివరికి మెడలో తువ్వాలు తీసి దాని మొహానికి చుట్టేశాడు. స్టూలు దిగి, వెళ్ళి తల్లి పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేనూ వెళ్ళి నిలబడ్డాను. ఎదురుగా సున్నం రాలిన గోడ. వెనక గేటు కిర్రుమన్న చప్పుడు, అడుగుల చప్పుడు, ఆ తరువాత ఏ చప్పుడూ లేదు. దీవెన ఆ పొద్దున కాయలు తీసుకుందో లేదో నాకు తెలియదు. మా ఆయనకూ తెలియదు. ఆవిడకు తెలుసేమో మరి. ఇక చాలని ఎట్లా తెలిసిందో, కాసేపటికి ఖళ్ళున దగ్గింది. మేం తిరిగేసరికి ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు.

"ఒసే, వానొచ్చేలోపు ఆ కుప్ప అవ్వాలి. చేతులా, చేటలా అవి?" అని కేకేసింది మా అత్తగారు. దీవెన కొంగు ముక్కుకు కట్టుకుంటూ, "అవుద్ది లెండి పెద్దమ్మగారూ, మీ నోరు ముందా మా చేతులు ముందా" అంది.

పోయిన టిక్కీలు దొరకలేదు. ఎవరు తీసుకెళ్ళారో ఇప్పటికీ తెలియదు. ఆ వీడియో మా ఆయన మా కళ్ళ ముందే తీసేశాడు. ఆ కాలం అయ్యాక తనే వెళ్ళి మెడ తిరిగే కెమెరా తెచ్చి పెట్టాడు. దుమ్ముకు మోటారు పట్టేస్తుందన్న మాట మళ్ళీ ఎత్తలేదు. పొద్దు వాలేసరికి నేను ఫోన్లో వేలు పెట్టి దాన్ని గోడవైపు తిప్పేదాన్ని. "తిప్పావుటే?" అని అడిగి మరీ మా అత్తగారు తొట్టి దగ్గరికి వెళ్ళేది.

పోయిన వానాకాలంలో ఆవిడ పోయింది. మంచాన పడి ఉన్నది కొద్దిరోజులే. అప్పుడు కూడా నర్సమ్మ సూది ఎక్కడ గుచ్చుతోందో రెప్పవాల్చకుండా చూసేది.

ఈ ఏడాది కాయలు కల్లానికి వచ్చాయి. మొదటి సాయంత్రం. విరిగిన కుర్చీ తీసి పక్కన పెట్టాను, అందులో కూర్చోబుద్ధి కాలేదు. పొద్దు వాలింది. కెమెరా గోడవైపు తిప్పి, తొట్టి దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాను. చెంబుతో నీళ్ళు పోసుకున్నాను. మడమలు తోముకున్నాను. అప్పుడు నాకు కంగారు పుట్టింది. ఎంతసేపు? ఆవిడ ఎంతసేపు ఉండేదో ఎన్నిసార్లు చూశానో, కానీ లోపల ఏ లెక్క పెట్టుకునేదో నాకు చెప్పలేదు. పైగా పొద్దుట్నుంచీ ఘాటుకు దగ్గుతూనే ఉన్నాను. ఇప్పుడు దగ్గితే అది ఏ దగ్గో వాళ్ళకెట్లా తెలుస్తుంది? గొంతులో దురద. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆపుకున్నాను. తొందరపడి తిరిగితే ఎవరి చెయ్యి కుప్పలో ఉంటుందో, ఎవరి మొహం చూడాల్సి వస్తుందో. తిరగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఘాటు వల్లా కారాయి, ఆవిడ కోసమూ కారాయి. ఆ చెడ్డ నోరు ఒక్కసారి వినపడితే బాగుండునని అంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు. చెంబులో నీళ్ళు అయిపోయాయి. కడిగిన కాలే మళ్ళీ కడుగుతున్నాను.

వెనక నుంచి ఖళ్ళున దగ్గు వినపడింది.

అచ్చం ఆవిడ దగ్గే. దగ్గింది దీవెన.

నేను కాసేపు ఆగి, ఇటు తిరిగాను. అందరూ పట్టాలు లాగుతున్నారు.